పోపుగారి పక్కన ప్రశ్నార్థకం

పొనుగుపాలెం కతోలికులకు విచారణ అంటే దర్యాప్తు కాదు. ఒక గుడి, దాని కిందికి వచ్చే ఏడు పల్లెలు, వాటన్నిటినీ చూసుకునే ఒక గురువు, ఇవన్నీ కలిపితే ఒక విచారణ. పోలీసులు చేసేది వేరే విచారణ. నూట ఇరవై ఏళ్ళుగా ఈ రెండూ ఒకదాని జోలికి ఒకటి పోకుండా బతికాయి. గాదె సెసిలమ్మ టీచరు 'విచారణ వాణి' అక్టోబరు సంచికలో, మూడో పేజీ అడుగున, గంట యాకోబు రాయించిన ఉత్తరం అచ్చు వేసిన దగ్గర్నుంచి అవి రెండూ ఒకటైపోయాయి.

'విచారణ వాణి' నాలుగు పేజీల మాసపత్రిక. మొదటి పేజీలో ఆ నెల పండుగలు, రెండో పేజీలో పెళ్ళి ప్రకటనలు, మూడో పేజీలో చనిపోయినవాళ్ళ పేర్లు, నాలుగో పేజీలో పిల్లలకు నీతికథ. సెసిలమ్మ టీచరు మిషను హైస్కూల్లో ముప్ఫై మూడేళ్ళు తెలుగు చెప్పి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో సగంమందికి 'ల'కీ 'ళ'కీ తేడా నేర్పింది, మిగతా సగం నేర్చుకోలేదు. పత్రికలో ఒక్క అచ్చుతప్పు కూడా లేకపోవడం తప్ప ఆమెకు వేరే గొప్ప ఏదీ అక్కర్లేదు. పత్రికను చూసి ఆమోదించే బాధ్యత విచారణ గురువు చిన్నప్ప స్వామిది. ఆయనకు ప్రూఫు చూసే అలవాటు ఉంది, చదివే అలవాటు లేదు.

యాకోబు గుడిలో గంట కొడతాడు, సమాధులు తవ్వుతాడు. ఆ ఏడు పెద్ద వానలు పడిన వారం తరవాత, సాయంత్రం జపం అయ్యాక, టీచరు ఇంటి అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఒక ఉత్తరం రాసిపెట్టాల టీచరుగారూ. పత్రికలోకి."

"కూర్చో. ఎవరికి?"

"ఎవురికో తెలవకనే గందా పత్రికలో యేస్తంది."

సంగతి ఇది. పొనుగుపాలెం సమాధుల తోట మధ్యలో రొమ్మెత్తు ఇటుక గోడ ఉంది. గోడకు ఇవతల ఊరివాళ్ళ సమాధులు, అవతల పేటవాళ్ళవి. గుడిలో అందరూ ఒకే గురువు చేతి నుంచి ఒకే సత్ప్రసాదం తీసుకుంటారు. చచ్చిపోయాక మాత్రం ఎవరి వైపు వాళ్ళు వెళ్ళిపోతారు. నేల వాలు కాలవ వైపు. కాలవకూ పేట సమాధులకూ మధ్య గోడ. వానొస్తే నీళ్ళు గోడ దాకా వచ్చి ఆగిపోయి, పేట సమాధుల మధ్య పది రోజులు నిలుస్తాయి. యాకోబు భార్య కరుణమ్మ పోయి రెండేళ్ళయింది. ఆమె సమాధి కుంగడం ఇది మూడోసారి.

అతను చెప్పింది చెప్పినట్టు టీచరు రాసుకుంది. "అయ్యా, మా ఆవిడ కరుణమ్మ సమాధి మళ్ళీ కుంగింది. గోడ అడ్డం ఉండి నీళ్ళు కాలవలోకి పోవడం లేదు. ఈ గోడ ఎవరు కట్టమన్నారు? పోపుగారా? ఆయన కట్టమని ఉంటే నేను నోరు మూసుకుంటాను. కాకపోతే ఎవరో చెప్పండి, వాళ్ళనే అడుగుతాను. ఇట్లు, గంట యాకోబు."

టీచరు కలం ఆపింది. "మధ్యలో పోపుగారిని ఎందుకు లాగడం యాకోబూ?"

"లాగటం కాదమ్మా. చిన్నప్ప సాములోర్ని అడిగితే పెద్దమనుషుల్ని అడగమన్నారు. పెద్దమనుషులు బిషప్పుగారి ఆఫీసులో అడగమన్నారు. ఆఫీసులో మళ్ళా సాములోర్నే అడగమన్నారు. బిషప్పుగారి పైన ఉండేది పోపుగారొక్కరే. ఆయన పేరు గూడా ఏసేస్తే ఇంక నేను తిరగబన్లేదు."

ఆ తర్కంలో ఆమెకు తప్పు కనబడలేదు. వాక్యంలో అసలే లేదు. అలాగే అచ్చుకు పంపింది.

పదకొండో రోజున గుండ్లవరం నుంచి, మేత్రాణుల కార్యాలయం నుంచి, ఎర్ర సీలు వేసిన కవరు వచ్చింది. బిషప్పుగారిని పెద్ద మాటల్లో మేత్రాణులంటారు. ఆ కార్యాలయంలో అన్నీ పెద్ద మాటలే. "తమ పత్రిక యందలి మూడవ పుటలో, జగద్గురువులగు పరిశుద్ధ పోపు వారి పవిత్ర నామమునకు అనంతరము ఒక ప్రశ్నార్థకము ముద్రితమై యున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. సంజాయిషీ నిమిత్తము స్వయముగా హాజరు కావలెను."

టీచరు బస్సెక్కి గుండ్లవరం వెళ్ళింది. కార్యాలయం నడిపేది కార్యదర్శి లూర్దురాజు స్వామి. ఆమె దగ్గర ఏడో తరగతి చదువుకున్నవాడే. బల్ల వెనక లేచి నిలబడి దణ్ణం పెట్టి, ఆమె కూర్చున్నాక తనూ కూర్చుని, వెంటనే కార్యదర్శి అయిపోయాడు.

"టీచరుగారూ, ఇది చాలా సున్నితమైన అంశం. పోపుగారి పేరు తరవాత పూర్ణవిరామం ఉండవచ్చు. కామా కూడా ఉండవచ్చు, వాక్యం కొనసాగుతోందని అర్థం. ప్రశ్నార్థకం ఉంటే అది వారి అధికారాన్ని ప్రశ్నించినట్టు."

"అధికారాన్ని ప్రశ్నించలేదు స్వామీ. గోడ ఆయన కట్టించారా అని అడిగాడు. కట్టించి ఉంటే నోరు మూసుకుంటానని కూడా అన్నాడు. ఇంతకంటే విధేయత ఇంకేముంటుంది?"

"నోరు మూసుకుంటాననడంలోనే, ఇప్పుడు తెరిచి ఉందని అర్థం వస్తోంది."

"మరి గోడ సంగతి?"

లూర్దురాజు స్వామి ఫైలు తిరగేశాడు. "ఈ ఫైల్లో గోడ లేదండీ. ప్రశ్నార్థకం ఒక్కటే ఉంది."

నవంబరులో ఉత్తర్వు వచ్చింది. 'విచారణ వాణి'ని అసమ్మతి పత్రికగా గుర్తించడమైనది. ఇకమీదట ప్రతి సంచికా అచ్చుకు ముందు ముద్రితాంశ పరిశీలక మండలి అనుమతి పొందవలెను. మండలిలో ముగ్గురు. వేదశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఒక వృద్ధ గురువు, హాస్టలు వార్డెను, ఒకప్పుడు ప్రెస్సులో కాగితాలు కత్తిరించిన ఒక మఠం బ్రదరు.

తొలి సమావేశంలోనే మండలికి పెద్ద చిక్కు వచ్చిపడింది. అనుమతి ముద్ర వేస్తే అందులో ఉన్నదానికంతా ముద్ర వేసినవాళ్ళు బాధ్యులు. వేయకపోతే అధికారం వాడనట్టు. లూర్దురాజు స్వామి టీచరుకు ఈ సంగతి చాలా బాధపడుతూ వివరించాడు. "అధికారం వదులుకోవడానికి మాకు వీల్లేదు టీచరుగారూ. బాధ్యత తీసుకోవడానికి కూడా వీల్లేదు. మధ్యేమార్గం చూస్తున్నాం."

మధ్యేమార్గం మూడు రబ్బరు ముద్రల రూపంలో వచ్చింది. వృద్ధ గురువు ముద్ర 'చదివితిమి' అంటుంది. వార్డెను ముద్ర 'అభ్యంతరము కనబడలేదు' అంటుంది. బ్రదరు ముద్ర 'కనబడనిదానికి బాధ్యులము కాము' అంటుంది. మూడూ పడితే సంచిక అచ్చుకు వెళ్ళవచ్చు.

డిసెంబరు సంచిక మూడుసార్లు తిరిగొచ్చింది. మొదటిసారి పెళ్ళి ప్రకటనల దగ్గర ఆగింది. కతోలికుల పెళ్ళి ముందుగా గుడిలో చాటుతారు, పత్రికలోనూ వేస్తారు. వధూవరుల పేర్ల కింద ఎప్పుడూ ఉండే వాక్యమే ఈసారీ ఉంది: ఈ వివాహమునకు అభ్యంతరము గలవారు గురువులకు తెలియజేయవలెను. మండలి ఆ వాక్యం కింద ఎర్రగీత గీసింది. 'అసమ్మతి పత్రిక ద్వారా ప్రజల నుండి అభ్యంతరములను ఆహ్వానించుట ప్రమాదకరము.' అభ్యంతరాలు అడక్కపోతే ప్రకటన చెల్లదు. ప్రకటన చెల్లకపోతే పెళ్ళి చెల్లదు. తాడివాయి ప్రకాశం కూతురి పెళ్ళి ఆగిపోయింది. ప్రకాశం మండలి ముందు నిలబడి, "మా అమ్మాయి పెళ్ళికి ఎవరికీ ఏ అభ్యంతరం లేదండయ్యా" అని మొత్తుకున్నాడు. "ఆ సంగతి అడగకుండా ఎలా తెలుస్తుందయ్యా?" అన్నాడు వార్డెను. చివరికి ఆ వాక్యాన్ని "అభ్యంతరము లేనివారు గురువులకు తెలియజేయవలెను" అని మార్చారు. ఆదివారం పూజ అయ్యాక నాలుగువందల మంది చిన్నప్ప స్వామి గది ముందు వరసకట్టి, తమకు అభ్యంతరం లేదని ఒక్కొక్కరే చెప్పి వెళ్ళారు. ఆయనకు ఆ పూట భోజనం లేదు.

మండలికి పని రుచి తెలిసింది. అసమ్మతి ఒక్క పత్రికలోనే ఎందుకు ఉండాలి అన్న ఆలోచన కూడా వచ్చింది. 'కతోలిక' అన్న మాటతో మేత్రాసనంలో, అంటే మేత్రాణుల ఏలుబడిలో, ఎక్కడ ఏ రాత కనబడినా ముద్రలు పడాల్సిందేనని జనవరిలో ఇంకో ఉత్తర్వు వేశారు. గుండ్లవరం బస్టాండు ఎదురుగా 'కతోలిక మెస్' ఉంది. దాని ముందు పలకమీద రోజూ కూరల పేర్లు రాస్తారు. మెస్సు యజమాని ఆ పలకను రోజూ పొద్దున్నే మండలికి మోసుకెళ్ళి, ముద్రలు వేయించుకుని, పదకొండింటికి తిరిగి తెచ్చేవాడు. దోసకాయ పప్పు దొరక్క చివరి గంటలో బెండకాయ వేపుడు చేసిన రోజున, అనుమతి లేని కూర వడ్డించాడని నోటీసు వచ్చింది. అతను బోర్డు మీద 'కతోలిక' చెరిపేసి ఉత్త మెస్సు చేసుకున్నాడు. మేత్రాసనం వార్షిక నివేదికలో అది విశ్వాసం కోల్పోయిన సంస్థల పట్టికలో చేరింది.

గుడ్ ఫ్రైడే సంచికలో ఇంకా పెద్ద సమస్య ఎదురైంది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్లో నాలుగోది ప్రశ్న: నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి? అది కూడా నేరుగా పై అధికారిని అడిగిన ప్రశ్న. మండలి రెండు రోజులు కూర్చుంది. ప్రశ్నార్థకం తీసేద్దామని బ్రదరు అన్నాడు. అడిగినవారికి అడిగే అధికారం ఉన్నట్టే కనబడుతోంది గనుక ఉంచవచ్చని వృద్ధ గురువు అన్నాడు. 'ఈ ప్రశ్నను విశ్వాసులు అనుకరింపరాదు' అని కింద చిన్న అక్షరాల్లో వేసి ఉంచారు.

ఈలోగా అసలు ఫైలు పైకి ప్రయాణం కట్టింది. పోపుగారి పేరు ఉన్న విషయాన్ని పోపుగారికంటే కిందివాళ్ళు తీర్మానించడం తగదని లూర్దురాజు స్వామి కనిపెట్టాడు. మేత్రాణులు మంచివారు, మెత్తనివారు, షుగరు మనిషి. "నిజమే కదా" అని సంతకం పెట్టారు. ఫైలు రాజధానిలోని ఆర్చిబిషప్పుగారి అగ్రపీఠానికి, అక్కణ్ణించి రోముకు వెళ్ళింది. వెళ్ళేముందు ఉత్తరాన్ని ఒక కాలేజీ లెక్చరరు చేత ఇంగ్లీషులోకి మార్పించారు. ఆయనకు గోడ మరీ చిన్న మాట అనిపించి, 'మృతుల సహవాసమునకు కలిగిన అవరోధము' అన్న అర్థం వచ్చేటట్టు రాశాడు.

యాకోబు ఒకరోజు పొద్దున గంట కొట్టి వస్తూ టీచరు దగ్గర ఆగాడు. "జాబు ఏవన్నా వచ్చిందా టీచరుగారూ?"

"రోముకు వెళ్ళింది యాకోబూ. రావాలి."

"నేనడిగింది గోడ ఎవురు కట్టించారని. ఆ ముక్క రోములో వోళ్ళకి ఎట్టా తెలుస్తది? తెలిస్తే ఊళ్ళో వోళ్ళకే తెలవాల." నిష్ఠూరం లేకుండానే అన్నాడు. కానీ టీచరు అతని ముఖంలోకి చూడలేకపోయింది.

ఆమెకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. అయినా ఆ రోజు చిన్నప్ప స్వామిని అడిగి గుడి పాత దస్తావేజుల బీరువా తీయించింది, కాగితంలో వేరేగా ఉంటుందేమోనన్న ఆశతో. వేరేగా లేదు. పంతొమ్మిదివందల అరవై నాలుగు, ఏప్రిల్, సమాధుల తోటలో గోడ, కట్టించినవారు సంఘ పెద్ద గాదె రాయప్ప. ఆమె తండ్రి. అప్పుడామెకు పదకొండేళ్ళు. మేస్త్రీలకు మజ్జిగ చెంబు తనే మోసుకెళ్ళింది. తండ్రి చెట్టు నీడన కుర్చీ వేసుకుని, తిన్నగా రావాలి, తిన్నగా రావాలి అంటుండడం ఆమెకు గుర్తుంది. గోడ తిన్నగానే వచ్చింది. చనిపోయాక ఆయన్ని ఆ గోడకే వీపు ఆనించినట్టు సమాధి చేశారు.

మూడు రోజులు ఆమె ఏమీ రాయలేదు. నాలుగో రోజు జూలై సంచికకు ఆరు వాక్యాలు రాసింది. "అక్టోబరు సంచికలో వచ్చిన ఉత్తరానికి జవాబు. ఆ గోడ పోపుగారు కట్టించలేదు. 1964లో గాదె రాయప్పగారు కట్టించారు. ఆయన నా తండ్రి. మేస్త్రీలకు మజ్జిగ మోసింది నేను. ఆ గోడ అక్కడ ఉండకూడదు."

మండలి ఆ ఆరు వాక్యాలను అటూ ఇటూ తిప్పి చూసింది. ప్రశ్నార్థకం ఎక్కడా లేదు. పైగా పోపుగారు నిర్దోషి అని రుజువవుతోంది. మూడు ముద్రలూ ఒక్క గంటలో పడ్డాయి. వృద్ధ గురువు తన వంతుగా, 'విధేయతకు ఆదర్శప్రాయమైన రచన' అని అంచున రాశాడు కూడా.

ఊరు అలా చదవలేదు. టీచరు తమ్ముడు అంతోని పత్రిక చేత్తో పట్టుకుని వచ్చాడు.

"నాన్న పేరు అచ్చులో పెట్టి బజార్న వేశావు కదక్కా. ఇప్పుడు నీకు చల్లగా ఉందా?"

"చల్లగా లేదురా. నిజం కాదంటావా?"

"నిజమైతే మాత్రం. అందరికీ తెలిసిన సంగతి అచ్చువేయడం ఎందుకు?"

"అందరికీ తెలిసీ ఒక మనిషి తొమ్మిది నెలలు తిరిగాడు కనుక." తమ్ముడు ఆ తరవాత ఆమె గడప తొక్కలేదు. సంఘ పెద్ద ఇన్నయ్యగారు గుడిలో ఆమె కూర్చునే బెంచీ మీద నుంచి తన వాళ్ళందరినీ లేపి వేరేచోట కూర్చోబెట్టాడు. బెంచీ అంతా ఖాళీ అయింది. రెండు ఆదివారాలు ఆమె ఒక్కతే కూర్చుంది. మూడో ఆదివారం పేట నుంచి ముసలమ్మలు ఇద్దరు వచ్చి పక్కన కూర్చుని జపమాల తిప్పుకున్నారు.

ఆగస్టు చివర్లో రోము నుంచి జవాబు వచ్చింది. కవరు పెద్దది, లోపల కాగితం చిన్నది. అక్కడి ఏదో కార్యాలయంలో ఎవరో ఓపికమంతుడు సంగతి ఏమిటో అర్థంకాక, అర్థం కానివాటికి ఇచ్చే జవాబు ఇచ్చి ఉంటాడు. మూడే వాక్యాలు: ఇది స్థానిక విషయము. విషయమునకు అత్యంత సమీపమున ఉన్నవారే దీనిని పరిష్కరించుట తగును. తత్సంబంధమైన అధికారమును, బాధ్యతను వారికి అప్పగించవలెను. కింద ఆశీర్వాదం.

అధికారం మాట వరకే అయితే గుండ్లవరంలో సమీపంగా ఉండేవాళ్ళకు కొదవ లేదు. పక్కన బాధ్యత కూడా ఉండేసరికి అందరూ దూరంగా జరగడం మొదలుపెట్టారు. మేత్రాణులు తమ నివాసం సమాధుల తోటకు ముప్ఫై ఒక్క మైళ్ళని చెప్పి, చిన్నప్ప స్వామి పేరు సూచించారు. చిన్నప్ప స్వామి తన మంచం నుంచి తోట గేటు దాకా నడిచి చూసుకుని, ఆరువందల పన్నెండు అడుగులు వచ్చాయని, సంఘ పెద్దలు ఇంకా దగ్గరని రాశాడు. ఇన్నయ్యగారు కబురందగానే తన ఇల్లు ఊరికి ఆ చివరనని, పైగా పండుగ వెళ్ళేదాకా బావమరిది ఊళ్ళో ఉండబోతున్నానని రాసి పంపాడు. అందరూ పోగా మిగిలినవాణ్ణి లూర్దురాజు స్వామి పటం చూసి పట్టుకున్నాడు. సమాధుల తోట ప్రహరీకి ఆనించి ఒక పెంకుటిల్లు ఉంది. అందులో గంట యాకోబు ఉంటున్నాడు.

ఉత్తర్వు చిత్తుప్రతి రాసి, అలవాటు కొద్దీ, లూర్దురాజు స్వామి దాన్ని తనే పొనుగుపాలెం తెచ్చి టీచరు చేతిలో పెట్టాడు. "భాష ఒకసారి చూడండి టీచరుగారూ. రోముకు ప్రతి వెళ్ళాలి."

టీచరు కళ్ళజోడు పెట్టుకుంది. "విషయం దగ్గర 'పొనుగుపాలెం సమాధుల తోట గోడ' అని రాశారేం? ఫైల్లో గోడ లేదన్నారుగా."

"పోపుగారి పేరు మళ్ళీ కాగితం మీద పెట్టడం ఎందుకని. గోడ అంటే ఎవరికీ బాధ ఉండదు."

"ఈ విషయమును పరిష్కరించుటకు సంపూర్ణ అధికారము, బాధ్యత శ్రీ కలవకూరి యాకోబుకు అప్పగించడమైనది, అంటున్నారు."

"బాధ్యత ముఖ్యమండీ. అధికారం ఊరికే దానికి జంట."

"ఈ వాక్యానికి అర్థం ఏమిటో ఆలోచించే రాశారా స్వామీ?"

"మూడు రోజులు ఆలోచించాం. రేపు పైనుంచి ఎవరు అడిగినా అతని పేరు చెప్పవచ్చు."

ఆమె ఎర్ర కలం తీసింది. ఒక్క మాట మనసులోకి వచ్చింది, ఇది నీకు తగిలేలా ఉంది నాయనా అని. చెప్పవచ్చు. పిల్లవాడు తప్పు లెక్క చేస్తుంటే అడ్డుపడే అలవాటు ముప్ఫై మూడేళ్ళది. కానీ ఈసారి జవాబు సరిగ్గా వస్తోంది. 'బాద్యత' అని రెండు చోట్ల రాశాడు. ఏడో తరగతిలోనూ అంతే, ఎన్ని గోడకుర్చీలు వేయించినా ఆ మాటకు ఒత్తు పెట్టేవాడు కాదు. రెండు చోట్లా ఒత్తు పెట్టి కాగితం తిరిగిచ్చింది. "మిగతా అంతా సరిగ్గా ఉంది" అంది.

ఉత్తర్వు సంతకమై సీలుపడి యాకోబుకు చేరింది. టీచరు అతనికి రెండుసార్లు చదివి వినిపించింది.

"అధికారం అంటే ఏందమ్మా ఇక్కడ?"

"గోడను ఏం చేయాలో నువ్వు చెబితే అది."

"మరి బాధ్యతంటే?"

"తరవాత ఎవరైనా వచ్చి అడిగితే నువ్వు జవాబు చెప్పాలి."

యాకోబు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "అడగనీండి. ఏడాది బట్టి నేనడుగుతానే ఉండా. ఒక్కడన్నా నన్నడిగితే మంచిదే గందా."

మర్నాడు తెల్లారాక గంట కొట్టి, గుడి నుంచి తిన్నగా గడ్డపలుగు తీసుకుని తోటలోకి పోయాడు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎనిమిదింటికి పేట నుంచి పదిమంది వచ్చారు. తొమ్మిదింటికి టీచరు వచ్చింది. ఊరి వైపు నుంచి ఇంకెవరూ రాలేదు. అంతోని కాలవ కట్ట మీద సైకిలు ఆపి, చాలాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు. గోడ ఊహించినదానికంటే గట్టిది. రెండు రోజులు పట్టింది. రాయప్పగారి సమాధి దగ్గరికి వచ్చినప్పుడు పలుగు పక్కన పెట్టి, యాకోబు చేత్తో ఒక్కొక్క ఇటుకే లాగాడు.

మూడో రోజు ఇన్నయ్యగారు బావమరిది ఊరి నుంచి పరుగున వచ్చి, పాతికమందిని వెంటేసుకుని గుండ్లవరం వెళ్ళాడు. గోడ పడగొట్టమని ఎవడు చెప్పాడో తేలాలన్నాడు. లూర్దురాజు స్వామి ఫైలు ముందుకు లాక్కున్నాడు. యాకోబు పేరు చెప్పబోయాడు. యాకోబుకు ఎవరిచ్చారంటారు. కార్యాలయం ఇచ్చిందంటే సంతకం ఎవరిదంటారు. ఆయన చెయ్యి ఫైల్లో తడుముకుంటూ చివరి కాగితం దాకా వెళ్ళింది.

"ఇది మా నిర్ణయం కాదండీ" అన్నాడు. "రోము నుంచి వచ్చింది."

"రోము నుంచా?"

"సీలు చూడండి."

ఇన్నయ్యగారు సీలు చూశాడు. వెనకున్నవాళ్ళు కూడా మెడలు చాచి చూశారు. "అయినా ఇది అన్యాయం స్వామీ. మేము ఒప్పుకోము" అన్నాడు, కొంచెం తగ్గి.

ఏడాదిగా చేస్తున్న పనిలో లూర్దురాజు స్వామికి చెయ్యి తిరిగి ఉంది. సొరుగులోంచి ఒక కొత్త పుస్తకం తీసి, కలం మూత విప్పాడు. "రోము నిర్ణయానికి అసమ్మతి తెలుపుతున్నట్టేనా? పేర్లు ఒక్కొక్కటే చెప్పండి. ఇంటిపేరుతో సహా."

పాతికమందిలో ఒక్కరికీ ఇంటిపేరు గుర్తుకు రాలేదు. ఇన్నయ్యగారికి బస్సు గుర్తుకొచ్చింది.

మండలి రద్దు కాలేదు. రద్దు చేయడానికి ఎవరు బాధ్యులో ఇంకా తేలలేదు. యాకోబును పని పూర్తి నివేదిక ఇమ్మన్నారు. "గోడ లేదు. నీళ్ళు పోయాయి" అని టీచరు చేత రాయించి పంపాడు. మూడు ముద్రలతో ఆ కాగితం ఫైల్లో చేరింది.

నవంబరు రెండు, సమాధుల పండుగ. ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. నీళ్ళు తోట మీదుగా పారి కాలవలో కలిసిపోయాయి. కరుణమ్మ సమాధి కుంగలేదు. సాయంత్రం టీచరు కొవ్వొత్తులు తీసుకుని తండ్రి దగ్గరికి వెళ్ళింది. ఆ సమాధి వెనక భాగం ఎప్పుడూ గోడకు ఆని ఉండడం వల్ల సున్నం ఎరగని పచ్చి ఇటుకలతో ఉండేది. ఇప్పుడది పేట వైపు నుంచి చూసేవాళ్ళకు ఎదురుగా కనబడుతుంది. ఆమె వెళ్ళేసరికి యాకోబు గొంతుక్కూర్చుని, దానికి సున్నం కొడుతున్నాడు. బకెట్టులో ఇంకా సగం ఉంది.

"మా నాన్నకెందుకు యాకోబూ?" అంది టీచరు.

"ఇన్నాళ్ళూ ఈయన మా వైపు తిరక్కుండా పణుకున్నాడు గందమ్మా. ఇయ్యాల మా వోళ్ళంతా కొవ్వొత్తులు పట్టుకుని ఈ దారినే పోతారు." కుంచె బకెట్టులో ముంచి అంచున తుడిచాడు. "మాసిన గుడ్డల్తో కనబడితే ఆయనకి ఏం బాగుంటది."

ఆమె కొవ్వొత్తులు కింద పెట్టి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, "ఇంకో కుంచె ఉందా?" అని అడిగింది.